కుంగిన కమాన్ కట్ట మెత్తబడిందనుకోవద్దు

జీప్ చెరొకీలో ఎక్స్‌జే అనే తరం 1984 నుంచి 2001 దాకా అమెరికాలో అమ్ముడైంది. నాలుగు లీటర్ల ఇంజిను, టోయింగ్ ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ ఇచ్చే అదనపు సరంజామా) ఉన్న బండి 5000 పౌండ్లు, అంటే సుమారు 2270 కిలోల ట్రైలర్‌ని లాగగలదని కంపెనీ లెక్క. ఏళ్ల తరబడి పడవనో, చిన్న క్యాంపర్‌నో లాగిన చెరొకీని పక్కనుంచి చూడండి. వెనక చతికిలబడి ఉంటుంది, ముందు పైకి లేచి ఉంటుంది. ‘స్ప్రింగులు మెత్తబడ్డాయి’ అంటాడు ఓనరు. ఆ స్ప్రింగులే కమాన్ కట్టలు, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీలని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. ఉక్కు అలా మెత్తబడదు.

వంచితే ఉక్కు ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్స్. పాతికేళ్లు వాడినా అది మారదు. పట్టీలు విరగకుండా, తుప్పుతో పలచబడకుండా ఉంటే, పాత కట్ట మీద 100 కిలోలు వేసినా కొత్త కట్ట దిగినంతే దిగుతుంది. పోయింది బిగువు కాదు, వంపు. బరువుతో గోతిలో పడ్డ ప్రతిసారీ పట్టీ మీద ఒత్తిడి ఉక్కు సాగే హద్దు దగ్గరకి వెళ్తుంది. ఎప్పుడైనా హద్దు దాటితే ఆ కాస్త వంపు మళ్లీ రాదు. అందుకే చాలా కంపెనీలు కొత్త కట్టను ఫ్యాక్టరీలోనే ఒకసారి బలంగా అణిచి, ఆ కుంగుబాటేదో ముందే కానిచ్చేస్తాయి.

వంపు తగ్గితే యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి), పైనున్న రబ్బరు స్టాపర్‌కి మధ్య దూరం తగ్గుతుంది. దాని మీద ట్రైలర్ బరువు పడుతుంది. 1500 కిలోల ట్రైలర్ హిచ్ మీద, అంటే బండి వెనక దాన్ని తగిలించే చోట, 180 కిలోలు మోపిందనుకోండి. హిచ్ వెనక యాక్సిల్‌కి మీటరు వెనక ఉందనుకుందాం. చెరొకీ చక్రాల మధ్య దూరం సుమారు 2.58 మీటర్లు. తులాదండం లెక్క ప్రకారం వెనక యాక్సిల్ మీద పెరిగేది 180 కాదు, దాదాపు 250 కిలోలు. ఆ ఎక్కువైన 70 ముందు చక్రాల మీద తగ్గుతాయి. స్టీరింగ్ తేలిపోవడం, ముందు బ్రేకుల పట్టు సడలడం, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడటం, అన్నీ ఈ లెక్కలోంచి వచ్చేవే.

అలాంటప్పుడు ఒకే మందపాటి పట్టీ వేస్తే పోదా? పోదు. మందం రెండింతలైతే బిగువు ఎనిమిదింతలవుతుంది, అంతే వంపుకి ఉపరితలం మీద ఒత్తిడీ రెట్టింపవుతుంది. రెండు పలచని పట్టీలు పేర్చితే బిగువు రెట్టింపవుతుంది కానీ ఒక్కోదాని మీద ఒత్తిడి పెరగదు. కట్ట కట్టడం వెనకున్న తెలివంతా ఇదే.

మన బొలేరో వెనకా కమాన్ కట్టలే. విజయవాడ ఆటోనగర్‌లో అయితే సుత్తితో కొట్టి వంపు తిప్పేవాళ్లు దొరుకుతారు. వేడి చేయకుండా కొట్టిన వంపు ఎక్కువ కాలం నిలవదు. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తగినంత వేడితో టెంపర్ చేస్తేనే ఉక్కు పదును తిరిగొస్తుంది. బరువు లాగే బండికి నేనైతే రెండు వైపులా కొత్త కట్టలే వేయమంటాను.

విప్పడం మాత్రం టెన్షన్ పనే. బాడీని స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్‌కి విడిగా జాకీ పెట్టాలి. ఎక్స్‌జేలో కట్ట ముందు బోల్టు బిగిసే నట్టు బాడీ పెట్టె లోపల వెల్డ్ చేసి ఉంటుంది. మిషిగన్, ఒహాయో లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, ఆ బోల్టు బుష్ (కట్ట చివర ఉండే రబ్బరు తొడుగు) లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. బలవంతం చేస్తే బోల్టు తెగుతుంది, లేదా లోపలి నట్టు ఊడి బోల్టుతో పాటు తిరుగుతుంది. అప్పుడు పెట్టెకి కన్నం కోయక తప్పదు. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచడం మేలు.

కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే వేయాలి, పాతవి ఒకసారి సాగినవి. పట్టీలని మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కట్ట చివర్ల బోల్టులను బండి గాల్లో ఉండగా బిగించేయకూడదు. బుష్ రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దిగాక రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే చివరి బిగింపు. కొన్నాళ్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ చూసుకోవాలి.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. కొత్త కట్టలతో వెనక లేచిందంటే హిచ్ కూడా లేచినట్టే. కుంగిన ఎత్తుకి సరిపెట్టుకున్న పాత బాల్ మౌంట్‌నే (హిచ్‌కి తగిలించే, ట్రైలర్ కూర్చునే గుండు ఉన్న కడ్డీనే) ఉంచితే ట్రైలర్ ముందు వైపు పైకెత్తి నడుస్తుంది. హిచ్ మీద బరువు తగ్గి, వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగే ప్రమాదం పెరుగుతుంది. కాస్త కిందికి దిగే మౌంట్ వేసి, ట్రైలర్‌ని నేలకి సమంగా నిలబెట్టాలి.