లండన్ - న్యూయార్క్: దూరం ఒకటే, గంటలు ఎందుకు వేరు?

లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకి దూరం దాదాపు 5,540 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు టికెట్ మీద ఎనిమిది గంటల దాకా చూపిస్తారు, వచ్చేటప్పుడు ఏడే. ఎందుకని అడిగితే చాలామంది భూమి తిరుగుతుంది కదా అనేస్తారు, కానీ భూమితో పాటే గాలి కూడా తిరుగుతుంది, విమానం ఉండేది ఆ గాలిలోనే. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి నదిలా పారే గాలి అది. చలికాలంలో ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్ల వేగం కూడా దాటుతుంది.

కింద వీచే గాలులు కూడా ఎక్కువగా అటువైపే. అందుకే విమానాలు ఆగకుండా అట్లాంటిక్ దాటిన చరిత్ర కూడా తూర్పు వైపు ప్రయాణంతోనే మొదలైంది. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు న్యూఫౌండ్‌లాండ్‌లో (ఇప్పుడు కెనడాలో భాగం) బయల్దేరి, ఎక్కడా ఆగకుండా, 16 గంటల లోపే ఐర్లండ్‌లో ఒక బురద నేల మీద దిగారు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా వెళ్లిందీ న్యూయార్క్ నుంచి పారిస్‌కే. మరి ఎదురుగాలిలో ఆగకుండా పడమరకి దాటిన మొదటి విమానం? 1928 ఏప్రిల్ దాకా లేదు! ముగ్గురితో ఐర్లండ్‌లో లేచిన బ్రెమెన్ 36 గంటలకు పైగా ఎగిరి, న్యూయార్క్ చేరలేక కెనడాలో ఒక చిన్న దీవి మీద దిగింది. ఆల్కాక్, బ్రౌన్‌లంత పేరు ఆ ముగ్గురికి రాలేదు, నా దృష్టిలో కష్టమైన పని చేసింది వాళ్లే.

1958 అక్టోబర్ 4న బ్రిటన్ ప్రభుత్వ విమాన సంస్థ బీవోఏసీ కామెట్ జెట్‌లతో ఈ రూట్‌లో సర్వీసు మొదలుపెట్టింది. ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 6 గంటల 12 నిమిషాల్లో వచ్చేసింది, అదే రోజు ఎదురు వెళ్లినదానికి దారిలో కెనడాలోని గాండర్‌లో ఇంధనం కోసం ఆగడంతో పది గంటలు దాటింది.

ఆ 6 గంటల 12 నిమిషాలను ఇప్పటి ఏడు గంటల పక్కన పెట్టి చూడండి. టికెట్ మీది టైమ్‌లో రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, దిగాక గేటు చేరడం కూడా కలిసే ఉంటాయనుకున్నా, ఇన్నేళ్లలో వేగం దాదాపు పెరగలేదు. మధ్యలో 1977 నుంచి 2003 దాకా ధ్వని కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం ఒక్కటే ఈ లెక్క మార్చింది: మామూలుగా మూడున్నర గంటలు, 1996 ఫిబ్రవరిలో ఒకసారి 2 గంటల 53 నిమిషాలు. అది ఆగిపోయాక మళ్లీ గాలిదే పెత్తనం. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను గాలులు వెనక నుంచి తోస్తే ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో దిగింది.

ఇప్పటికీ సముద్రం మీద దారులు స్థిరంగా ఉండవు. కెనడాలోని గాండర్, స్కాట్లండ్‌లోని ప్రెస్ట్‌విక్ కంట్రోలర్లు గాలి చూసుకుని ఏ రోజు దారులు ఆ రోజు గీస్తారు, తూర్పుకొచ్చే విమానాలకి జెట్ స్ట్రీమ్ కలిసొచ్చేలా, పడమరకి వెళ్లేవాటికి అది తప్పేలా. అందుకే నిన్న మీ స్నేహితుడు వెళ్లిన దారీ ఈరోజు మీ సీటు ముందు స్క్రీన్‌లో కనిపించే దారీ ఒకటి కాకపోవచ్చు.