మనసు కుదిరాక ప్రార్థిద్దామని ఆగిపోయినవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయినా ఒక సోదరి వెనుక వరుసలోనే ఉండిపోయింది. దగ్గరకు వెళ్తే, బైబిలు అట్ట లోపల దాచుకున్న మూడు చీటీలు తీసి నా చేతిలో పెట్టింది. మూడు సంవత్సరాలు, ఏటా చివరి రాత్రి ఆరాధనలో రాసుకున్న తీర్మానాలవి. మూడింటిలోనూ ఒకటే మాట: "రోజూ తెల్లవారుజామున గంటసేపు ప్రార్థన చేస్తాను." అన్నిటికంటే పాత చీటీ మడతల దగ్గర చిరిగిపోతోంది.

"ఎన్నాళ్లు సాగిందమ్మా?" అని అడిగాను.

"వారం కూడా సాగలేదు అయ్యగారూ. మనసు లేకుండా మోకరిస్తే వేషధారణ అవుతుంది కదా! ఆత్మ ప్రేరేపించినప్పుడు మళ్లీ మొదలుపెడదామని ఎదురుచూస్తున్నాను."

పరిచర్యలో ఇన్నేళ్లుగా నేను విన్న మాటల్లో విశ్వాసులకు ఇంత నష్టం చేసినది మరొకటి లేదు. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ఉత్సాహం లేకుండా చేసే భక్తి వేషధారణే. ప్రేరణ కలిగేదాకా ఆగాలి.

యేసు దేన్ని వేషధారణ అన్నాడో మత్తయి 6వ అధ్యాయంలో చూడండి. మనుషులకు కనబడాలని వీధుల మూలల్లో నిలబడి ప్రార్థించడాన్ని, ఉపవాసం ఉన్నామని నలుగురికీ తెలియాలని ముఖం వాడిపోయినట్టు పెట్టుకోవడాన్ని ఆ మాట అన్నాడు. తలుపు వేసిన గదిలో, ఎవరూ చూడకుండా, నిద్రమత్తుతోనో ఎండిపోయిన మనసుతోనో మోకరించినవాణ్ణి అనలేదు. పైగా తలుపు వేసుకుని ప్రార్థించమని చెప్పింది ఆ అధ్యాయంలోనే.

మత్తయి 21లోని ఇద్దరు కుమారులను గుర్తు చేసుకోండి. ద్రాక్షతోటకు వెళ్లమంటే మొదటివాడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. రెండోవాడు "అయ్యా, పోతాను" అన్నాడు, వెళ్లలేదు. తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరని యేసు అడిగాడే తప్ప ఎవరు ఉత్సాహంగా ఉన్నారని అడగలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయనే ఆ శ్రమల గిన్నె తొలగిపోవాలని అదే మాట మూడుసార్లు ప్రార్థించాడు. ఆ తర్వాత లేచి ముందుకు నడిచాడు. దాన్ని వేషధారణ అనగలమా?

"ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అని నాతో వాదించేవారు ఆ వచనం మొదటి సగం కూడా చదవాలి. మెలకువగా ఉండి ప్రార్థన చేయమన్న ఆజ్ఞ అక్కడే ఉంది. బలహీనత ఉంది కాబట్టే ఆ ఆజ్ఞ ఇచ్చాడు.

ఈ అపోహ అంత ప్రమాదకరం ఎందుకంటే, ఆగినకొద్దీ ఆశ కూడా సన్నగిల్లుతుంది. వాక్యం తెరవనివారికి వాక్యం మీద ఆకలి ఎలా పుడుతుంది? సంఘానికి దూరమైనవారి ఇళ్లకు ఎన్నోసార్లు వెళ్లాను. దేవుణ్ణి వద్దనుకున్నవారు చాలా తక్కువ. "కాస్త మనసు కుదుటపడ్డాక వస్తానండి" అన్నవారే ఎక్కువ.

మరేం చేయాలి? కొరింథు సంఘం సంగతి చూడండి. యెరూషలేములోని పేద విశ్వాసులకు సాయం చేయాలన్న కోరిక వారికి ఉంది. సుమారు క్రీ.శ. 55లో పౌలు వారికి చెప్పిన పద్ధతి చాలా మామూలుది: ఆదివారం ఆదివారం, ప్రతి ఒక్కరూ, తమ వర్ధిల్లిన కొలది తీసి పక్కన పెట్టండి. రోజు చెప్పాడు, ఎవరు చేయాలో చెప్పాడు, ఎంత తీయాలో చెప్పాడు. అయినా పని నిలిచిపోయింది. ఆ సంఘానికే రాసిన రెండో ఉత్తరంలో "ఏడాది క్రితమే తలపెట్టారు, ఇప్పుడు నెరవేర్చండి" అని మళ్లీ రాయాల్సి వచ్చింది. నాకు ఇక్కడ గొప్ప ఓదార్పు దొరుకుతుంది. రోమా 15:26కు వచ్చేసరికి అకయవారు ఆ చందా ఇచ్చారని ఉంది. కొరింథు అకయలోనిదే. ఏడాది ఆలస్యమైనా పని పూర్తయింది.

ఆ సోదరితో కూర్చుని మేమూ అదే చేశాం. గంటను పది నిమిషాలు చేశాం. తెల్లవారుజాము వద్దన్నాను, రాత్రి పసిబిడ్డతో ఆమెకు నిద్రే లేదు. పెద్ద పిల్లలను బడికి పంపి తలుపు వేసిన వెంటనే, కిటికీ పక్క కుర్చీలో, ఫోను మరో గదిలో పెట్టి, ఒక కీర్తన చదివి దానితోనే ప్రార్థించడం. నాలుగో చీటీ మీద ఇదంతా ఆమె చేత్తోనే రాయించాను.

అపోహ: సమయం, పద్ధతి పెట్టుకుంటే పరిశుద్ధాత్మకు చోటుండదు.

కుంటివాడు లేచి నడిచింది పేతురు యోహానులు పగలు మూడు గంటల ప్రార్థనకు వెళ్తున్నప్పుడు. రోమా శతాధిపతి కొర్నేలికి దేవదూత కనబడింది కూడా ఆ వేళకే. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించేవాడు, రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థించకూడదన్న శాసనం వచ్చిన రోజునా మానలేదు.

అపోహ: క్రియల గురించి మాట్లాడితే కృపను కాదన్నట్టే.

క్రియల వల్ల కాదు, కృప చేతనే రక్షణ అని చెప్పే ఎఫెసీ 2:8, 9 చదివినవారు పదో వచనం కూడా చదవాలి: మంచి పనులు చేయడానికే మనం సృష్టించబడ్డామని అక్కడ ఉంది.

అపోహ: 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటవుతుంది, ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికే.

ఉపవాస ప్రార్థనల కాలం వస్తే చాలు, ఈ సందేశం ఫోన్లలో తిరుగుతుంది. పంపేవారు దయచేసి ఆపండి. ఇది బైబిల్లో లేదు, పరిశోధనలోనూ నిలబడలేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు స్థిరపడడానికి పట్టిన కాలం 18 నుంచి 254 రోజుల వరకు ఉంది, మధ్యస్థంగా 66 రోజులు. ఒక్కరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా అందులో తేలింది. ఇరవై రెండో రోజున "నా భక్తిలోనే లోపముంది" అని ఏడ్చినవారిని చూశాను. మీలో లోపం లేదు, లెక్కే తప్పు. దేవుని వాత్సల్యం అనుదినం కొత్తగా పుడుతుందని విలాపవాక్యములు రాసినవాడు కాలిపోయిన యెరూషలేము పట్టణాన్ని చూస్తూ రాశాడు.

అపోహ: ప్రార్థన చేశాను కదా, నా వంతు అయిపోయింది.

ఈ తప్పు నాది కూడా. మా సంఘంలో ఒక పెద్దాయన మంచాన పడ్డారు. "వస్తానండి" అని ఫోనులో చెప్పాను. ఆయన పేరు పెట్టి రోజూ ప్రార్థించాను, ఆ ప్రార్థనతోనే వెళ్లివచ్చినంత తృప్తి కలిగేది. అలా ఆరు వారాలు గడిచాయి. సమాధి కార్యక్రమం రోజున ఆయన భార్య కోపం లేకుండానే అన్నారు: "ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడైతే మీరేమోనని తల తిప్పి చూసేవారయ్యా." చలికి వణుకుతున్నవాడితో వెచ్చగా ఉండమని చెప్పి పంపేవారి గురించి యాకోబు రాసిన మాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో!

అప్పటినుంచి "వస్తాను" అన్న మాట నోట రాగానే, ఎదుటివారి ముందే డైరీ తీసి రోజు, వేళ రాస్తాను. ఆ సోదరి నెల తర్వాత కనబడింది. "మంగళ, బుధవారాలు తప్పాయి అయ్యగారూ. గురువారం మళ్లీ కూర్చున్నాను" అంది.