మామిడి చెట్టు మీది ఎర్ర గీత

చిరంజీవులు పాపకు, చిన్నబాబుకు తాత ఆశీస్సులు.

దసరా సెలవులు గడిపి మీరు నెల్లూరు వెళ్లిన మరుసటి వారం పాప ఫోనులో నన్నొక ప్రశ్న అడిగింది. "తాతా, తోట చివరి మామిడి చెట్టుకు ఎర్ర రంగుతో గీత గీసి అంకె వేశారు కదా, దాన్ని కొట్టేస్తారా?" అని. "రోడ్డు వేస్తారేమోనమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే చాలలేదు. ఫోనులో చెప్పి ముగించే సంగతి కాదు కనుక, వాన పట్టి తోటలోకి పోలేని ఈ రెండు రోజులు కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన మిద్దె మీదికి ఎక్కితే వాగవతలి ఊరి గుడి ధ్వజస్తంభం కనపడుతుందని మీకు తెలుసు. పొలాల మధ్య బండ్లు పోయే డొంక వెంట నడిచి వాగు దాటితే అది మూడు కిలోమీటర్లు. కానీ మొన్న మీ నాన్న మిమ్మల్ని కారులో అక్కడికి తీసుకువెళ్లినప్పుడు ఎంత దూరం తిరిగారో గుర్తు చేసుకోండి. ఇక్కడి నుంచి హైవే దాకా ఏడు కిలోమీటర్లు, హైవే మీద దక్షిణానికి నాలుగు, మళ్లీ సముద్రం వైపు ఆరు, మొత్తం పదిహేడు. ఇది మన ఒక్క ఊరి కష్టం కాదు. ఉలవపాడు, సింగరాయకొండ ప్రాంతంలో హైవేకు తూర్పున ఉన్న ఊళ్లు చాలా వాటికి పడమటి వైపు హైవేకు చేరే రోడ్డు ఉంటుంది కానీ, పక్క ఊరికి పోవాలంటే మధ్యలో ఒక వాగో, ఉప్పుకాలువో అడ్డం పడుతుంది.

మన వసారాలో ఉన్న నులక మంచాన్ని తలచుకోండి. కోళ్లనే నాలుగు కాళ్లు, వాటిని కలిపే నాలుగు పట్టెలు ఉంటాయి. మంచం అల్లేవాడు ముందుగా నులకను ఈ పట్టె నుంచి ఆ పట్టెకు వరసగా లాగి కడతాడు. అంతవరకే కట్టి ఆపేస్తే అది చూడటానికి మంచంలాగే ఉంటుంది కానీ, చిన్నబాబు కాలు పెట్టాడంటే తాళ్లు పక్కకు జరిగి మోకాలి దాకా దిగిపోతుంది. ఆ తాళ్లకు అడ్డంగా మరో వరస, ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి దూర్చి అల్లినప్పుడే మనిషి బరువును తాళ్లన్నీ కలిసి మోస్తాయి. మన ఊళ్లకు హైవే ఒక పట్టె, సముద్రం ఎదుటి పట్టె. వాటి మధ్య ఒక్కో ఊరికి ఒక్కో తాడు మాత్రం ఉంది, అడ్డంగా అల్లిన తాడు లేదు. హైవే ఎక్కడైనా తెగితే మనం అక్కడే నిలిచిపోతాం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. పట్టె విరిగిన మంచం మీద పడుకున్నట్టు నెల్లూరు జిల్లా అంతా ఆ రెండు మూడు రోజులు ఎలా గడిపిందో మీ నాన్నను అడగండి.

అందుకని మన ఊరికీ వాగవతలి ఊరికీ మధ్య ఒక లింకు రోడ్డు వేయాలన్న మాట వచ్చింది. చెట్టు మీది గీత అందుకు కొలతలు తీసిన వాళ్లు పెట్టినదే.

నేను ఆరో తరగతిలో చేరిన నాటికి హైస్కూలు వాగవతల ఉండేది. అప్పుడు మన కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిశాం, దానికే తరువాత ప్రకాశం పేరు వచ్చింది, మళ్లీ 2022లో నెల్లూరులో కలిపారు. కాగితం మీది గీతలు ఇన్నిసార్లు మారాయి కానీ, వాగు మాత్రం ఉన్నచోటనే ఉంది. మన వైపు పెద్ద వానలు నైరుతిలో కావు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యంలో పడతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. పుస్తకాలు చంకన పెట్టుకుని ఇసుకలో నడిచి పోయేవాళ్లం. కార్తీకం వచ్చేసరికి పుస్తకాలూ చొక్కా మూట గట్టి నెత్తిన పెట్టుకుని, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని దాటేవాళ్లం. నీళ్లు రొమ్ము దాకా వస్తే ఇంటికి తిరిగి వచ్చేవాళ్లం.

మీ నాన్నకు మేనత్త, నాకన్నా రెండేళ్లు పెద్దది, ఆ ఏడు ఎనిమిదో తరగతి చదువుతుండేది. లెక్కల్లో నాకన్నా ఎంతో చురుకైనది. ఆ కార్తీకంలో వాగు పద్దెనిమిది రోజులు పొంగింది. నీళ్లు తీశాక నన్ను మళ్లీ బడికి పంపారు, అక్కను పంపలేదు. "ఆడపిల్లను ప్రతి ఏడూ ఈ నీళ్లలో ఎలా పంపేది?" అన్నారు మా నాయన. ఆయన కఠినుడు కాడు, భయపడ్డాడు. అక్క ఇప్పటికీ పాల లెక్క గోడ మీద బొగ్గుతో రాస్తుంది. నెలాఖరున ఆ వరస మొత్తాన్ని వేళ్లు ముడవకుండా కూడుతుంది. రోడ్డు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆ గోడ గుర్తుకు వస్తుంది. 2005లో 108 అంబులెన్సులు వచ్చిన తరువాత కూడా, వాగవతలి ఊరి ఆసుపత్రి కనుచూపు మేరలోనే ఉన్నా, మన ఊరి గర్భిణి పదిహేడు కిలోమీటర్లు చుట్టి పోవలసిందే.

అయితే ఇంత మంచి పనికి పెద్దవాళ్లు అంతసేపు ఎందుకు వాదించుకున్నారు? మొన్న గ్రామసభలో కూర్చుని నేను మూడు గంటలపాటు విన్నాను. అలా కూర్చుని మాట్లాడుకోవడం రోడ్డు పనిలో భాగమేనని మీరు తెలుసుకోవాలి. 1993లో అమలులోకి వచ్చిన రాజ్యాంగ సవరణలో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల జాబితా ఉంది. రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు అందులో ఉన్నాయి. ఊరు తీర్మానం చేయాలి, ఇంజనీర్లు అంచనా వేయాలి, మండలంలోను, జిల్లాలోను మాట్లాడాలి, అడిగిన ఊళ్లు ఎన్ని, ఉన్న డబ్బు ఎంత అని చూడాలి. మనకు వేస్తే మరొక ఊరికి ఈ ఏడు వేయరు. ఆ ఊళ్లోనూ ఒక అక్క ఉంటుంది.

ఇక భూమి సంగతి. గ్రామ పటంలో మన డొంక వెడల్పు 33 అడుగులు. నా చిన్నప్పుడు సర్వేయరు వస్తే ఇనుప గొలుసు రెండో కొస పట్టుకోవడానికి పిల్లలం పోటీ పడేవాళ్లం. ఆ గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల వేలాడుతుండేది. అంటే మన డొంక సరిగ్గా అర గొలుసు వెడల్పు, ఇప్పటి లెక్కలో పది మీటర్లు. పల్లె రోడ్డుకు తారు పడే వెడల్పు మూడుముప్పావు మీటర్లు, రెండు వైపుల మట్టి అంచులతో కలిపి ఏడున్నర. లెక్క ప్రకారం ఎవరి పొలమూ ముట్టుకోకుండానే రోడ్డు వేయవచ్చు. కానీ మీరు డొంకలో నడిచారు కదా, కొన్నిచోట్ల ఒక్క ఎద్దుబండి పట్టేటంత దారే ఉంది. మిగిలినది ఏమైంది? రెండు వైపుల రైతులూ దున్నినప్పుడల్లా, కంచె నాటినప్పుడల్లా ఏటా ఒక బెత్తెడు లోపలికి వచ్చారు. బెత్తెడే కదా అని ఎవరూ అడగలేదు. నలభై ఏళ్లకు నలభై బెత్తెలు.

పాపా, ఆ రైతుల్లో మన ఇల్లు కూడా ఉంది. సర్వే రాయి నుంచి టేపు పట్టి కొలిస్తే మన కంచె డొంకలోకి మూడు గజాలు వచ్చిందని తేలింది. ఆ మామిడి చెట్టు మా నాయన నాటినది, ఉలవపాడు సంతలో కాయకు పేరు తెచ్చినది, మీరిద్దరూ ఉయ్యాల కట్టుకున్నది. అది నిలబడిన నేల మనది కాదు, డొంకది. ఈ మాట సభలో లేచి చెప్పడానికి నాకు గొంతు పట్టుకుంది, అయినా చెప్పాను. కంచె వెనక్కి జరుపుతానని రాసి ఇచ్చాను. చెట్టు పోతుందేమోనని దాని కొమ్మల నుంచి రెండు అంట్లు కట్టించాను. బావి పక్క నీడలో కుండీల్లో ఉన్నాయి, చిగురు వేశాయి.

మన సంగతి తేలిక, తీసుకున్నది తిరిగి ఇవ్వడమే. వాగు దగ్గర అంత తేలిక కాదు. అక్కడ పాత డొంకను వాగు కోసుకుపోయింది కనుక రోడ్డు నూట నలభై మీటర్ల మేర ఒక పట్టా పొలంలోంచి పోవాలి. కట్ట వాలుతో కలిపి పది మీటర్ల వెడల్పు అనుకుంటే దాదాపు 35 సెంట్లు. ఆ పొలం ఒంటరిగా బతికే ఒక పెద్దమ్మది, మొత్తం ఎకరా ఇరవై సెంట్లు, బోరు కూడా ఆ 35 సెంట్లలోనే ఉంది. ఆమె సభలో ఒక్క మాటే అంది: "రోడ్డు అందరికీ వస్తుంది, పొలం నాకొక్కదానికే పోతుంది." ఆ మాటకు చాలాసేపు ఎవరూ బదులు చెప్పలేదు. రోడ్డు తెచ్చే మేలు ఊరందరికీ తలా పిడికెడు అందుతుంది, నష్టం మాత్రం ఒక్క గడపలో కుప్పగా పడుతుంది. కేంద్రం పల్లె రోడ్లకు 2000 సంవత్సరం నుంచి ఇచ్చే పథకంలో రోడ్డుకు డబ్బు ఉంటుంది కానీ భూమికి ఉండదు, అందుకే ఊళ్లలో "దానంగా రాసి ఇవ్వండి" అని అడుగుతారు. పదెకరాల వాణ్ణి అలా అడగవచ్చు. ఎకరా ఇరవై సెంట్ల మనిషిని అడగడం న్యాయం కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారమైతే లెక్కగట్టిన పరిహారానికి అంతే మొత్తం సొలేషియంగా, అంటే భూమి పోయినందుకు ఊరటగా, కలిపి ఇవ్వాలి. ఆమెకు డబ్బు అంది, వేరే చోట బోరు పడి నీళ్లు వచ్చాకే అక్కడ పార దించాలని నేను అన్నాను. కొందరు "అలాగైతే రోడ్డు రెండేళ్లు ఆలస్యం" అన్నారు. అరవై ఏళ్లు ఆగినవాళ్లం, ఇంకో రెండేళ్లు ఆగగలం.

మళ్లీ మంచం దగ్గరికి వస్తాను. మంచం మీద బొంత, బొంత మీద దుప్పటి వేస్తాం కదా. తారు దుప్పటి మాత్రమే, బరువు మోసేది కింది కంకర, గ్రావెల్ బొంత. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు మీ చెయ్యి పట్టేటంత బీటలు వేస్తుంది. అటువంటి నేల మీద పలచని బొంత పరిచి పైన అందమైన దుప్పటి కప్పితే రెండు వానలకే గుంతలు పడతాయి. మంచానికైతే మధ్యలో కుంగితే మెత్తగా ఉంటుంది కానీ, రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా ఉండి నీళ్లు రెండు పక్కలకూ జారిపోవాలి. మంచం కింద గాలి ఆడినట్టు రోడ్డు కింద నీళ్లు ఆడాలి, అందుకు తూములు పెట్టాలి. తూములు చాలకపోతే రోడ్డే ఆనకట్ట అయి, పై పొలాల్లో వరి కుళ్లిపోతుంది. పడమటి పొలాల రైతులు సభలో గట్టిగా అరిచింది ఇందుకే, వాళ్ల అరుపులో తప్పు లేదు.

వాగు మీద చప్టా కట్టాలా, వంతెన కట్టాలా అన్నది ఇంకా తేలలేదు. వాగు అడుగునే పరిచే చప్టా చవక. కానీ పొంగినప్పుడు నీళ్లు దాని మీదుగా పోతాయి, "మోకాలి లోతే కదా" అని దాటబోయిన వాళ్లు కొట్టుకుపోతారు. ఆడపిల్ల బడికి పోవాలని రోడ్డు అడిగి, సరిగ్గా ఆ కార్తీకంలోనే మునిగే చప్టా కట్టుకుంటే మా అక్క కథ మళ్లీ మొదటికి వస్తుంది. నా ఓటు వంతెనకే. ఎంత ఎత్తు కట్టాలన్నది వాగుకు ఎన్నడూ వచ్చిన పెద్ద నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది. ఇంజనీరు దాని గురించి అడిగినప్పుడు సభలో ఒకరు నడుము చూపించారు, ఒకరు తల పైకి చెయ్యి ఎత్తారు. ఆ కొలత తేలకనే సభ వాయిదా పడింది.

సంక్రాంతికి మీరు వచ్చేసరికి వాగులో నీళ్లు పాయలా సన్నబడి ఉంటాయి. ముందు డొంక మొదట్లో చిల్లకంపలో దాగి ఉన్న సర్వే రాయిని వెతకండి, ముళ్లు జాగ్రత్త. అక్కడి నుంచి వాగు దాకా నడవండి. పెద్దమ్మ పొలం వస్తే ఆగి, బోరు దగ్గర నీళ్లు అడిగి తాగండి. ఆమె మిమ్మల్ని తాగకుండా పోనివ్వదు. వాగు ఒడ్డున మూడు తాటిచెట్లు ఉన్నాయి. మధ్య చెట్టు బోదెకు ఎండిన గడ్డి, గుడ్డపేలికలు చుట్టుకుని, వాటి పైన బురద చార ఒకటి కనపడుతుంది. పాప చెయ్యి ఎత్తితే అందుతుందో, చిన్నబాబు నా భుజం ఎక్కవలసి వస్తుందో చూద్దాం. టేపు నా గదిలో తలుపు వెనక మేకుకు ఉంది, అది తీసుకుని రండి. నేల నుంచి ఆ చార దాకా కొలిచి, చెట్టు గుర్తుతో సహా పాప తన చేతి రాతతో కాగితం మీద రాయాలి. ఫిబ్రవరిలో ఇంజనీరు మళ్లీ వస్తానన్నాడు, ఆ కాగితం ఆయన చేతికి ఇస్తాను.

మీ నాయనమ్మ అరిసెలకు బెల్లం తెప్పించి ఉంచింది.

ఇట్లు,
మీ తాత