అనార్కిస్టు ఓటేస్తే మాట తప్పినట్టేనా? అపోహలు - వాస్తవాలు

రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పడం నా వృత్తి. రాజ్యమే వద్దనే అనార్కిస్టుల గురించి, రాజ్యం వీలైనంత తక్కువ ఉండాలనే లిబర్టేరియన్ల గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒక చెయ్యి లేస్తుంది: "మరి వీళ్ళు ఓటేస్తారా మేడమ్?" వేయకూడదనే జవాబు అడిగినవాళ్ళ మనసులో అప్పటికే ఉంటుంది. ఆ జవాబుతో నేను ఏకీభవించను.

అపోహ: ఓటేశారంటే ప్రభుత్వాన్ని ఒప్పుకున్నట్టే.

వాస్తవం: క్లాసులో చిన్న చిట్టీలు పంచి ఇలా అంటాను: "రేపటి నుంచి మీ ఫోన్లు రోజూ నా సొరుగులో ఉంటాయి. గంటసేపా, రెండు గంటలా? రాసి, మడిచి ఇవ్వండి." దాదాపు అందరూ గంట అనే రాస్తారు. చిట్టీలన్నీ బల్ల మీద కుప్ప పోసి, "అయితే ఫోన్లు తీసుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టేగా?" అంటే గొల్లుమంటారు. "రాయకపోతే రెండు గంటలు పోయేవి కదా మేడమ్!"

అమెరికాలో లైసాండర్ స్పూనర్ అనే న్యాయవాది 1860ల చివర్లో చేసిన వాదన ఇదే. మనిషిని అడగకుండానే పన్నులు, చట్టాలు అతని నెత్తిన పడుతున్నాయి. చేతికి ఓటు దొరికితే తనను తాను కాపాడుకోవడానికి వాడుకుంటాడు. అందులో సమ్మతి ఎక్కడుంది? పైగా బ్యాలెట్ రహస్యం. నా బల్ల మీది కుప్పలో ఏ చిట్టీ ఎవరిదో నాకే తెలియదు, అలాంటప్పుడు ఫలానా మనిషి ఒప్పుకున్నాడని ఎలా చూపించగలను? ఇంగ్లండ్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ 1851లోనే ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. అనుకూలంగా వేసినా, వ్యతిరేకంగా వేసినా, అసలు వేయకపోయినా ఒప్పుకున్నట్టే అయితే కాదనడానికి ఇక దారేది?

అపోహ: అనార్కిస్టులకు ఓటింగ్ అంటేనే పడదు.

వాస్తవం: వాళ్ళ సంఘాల్లో చేతులెత్తి ఓటేసుకోవడం మామూలే. పని అప్పగించి పంపిన ప్రతినిధి ఆ పని మీరితే వెనక్కి పిలుస్తారు. వాళ్ళ అభ్యంతరం కొన్నేళ్ళపాటు మన తరఫున ఏదైనా చేసే అధికారాన్ని ఇంకొకరికి రాసిచ్చేయడం మీద.

అపోహ: ఓటుతో ఏదైనా మారేటట్టయితే దాన్ని నిషేధించి ఉండేవాళ్ళని అమెరికా అనార్కిస్టు ఎమ్మా గోల్డ్‌మన్ అన్నారు.

వాస్తవం: పోస్టర్ల మీద కనిపించే ఈ మాట ఆమె రచనల్లో దొరకదు. మహిళల ఓటు హక్కు గురించి 1910లో రాసిన వ్యాసంలో, మగవాళ్ళతో సమానంగా స్త్రీకి ఓటు ఎందుకు ఉండకూడదో తనకు ఏ కారణమూ కనిపించడం లేదన్నారు. ఆ ఓటు స్త్రీకి విముక్తి తెస్తుందన్న ఆశను మాత్రం గట్టిగా ఖండించారు.

అపోహ: ఓటు బహిష్కరిస్తే సిద్ధాంతం భద్రంగా ఉంటుంది.

వాస్తవం: దీనికి స్పెయిన్ చరిత్ర చదవాలి. 1933 నవంబర్ ఎన్నికల్లో అనార్కిస్టుల కార్మిక సంఘం సీఎన్‌టీ ఓటేయవద్దని హోరెత్తించింది. మితవాదులు గెలిచారు. దానికి వామపక్షాల చీలిక లాంటి కారణాలు కూడా ఉన్నాయి, బహిష్కరణ ఒక్కటే కాదు. 1936 ఫిబ్రవరి నాటికి వేలమంది రాజకీయ ఖైదీలు జైళ్ళలో ఉన్నారు. వామపక్షాల ఎన్నికల కూటమి పాపులర్ ఫ్రంట్ వాళ్ళకు క్షమాభిక్ష హామీ ఇచ్చింది. సీఎన్‌టీ ఈసారి బహిష్కరణ ప్రచారాన్ని మునుపటిలా నడపలేదు, సభ్యుల్లో చాలామంది వెళ్ళి ఓటేశారు. 16న జరిగిన ఎన్నికల్లో ఫ్రంట్ గెలిచింది, 21న క్షమాభిక్ష వచ్చింది. ఆలోపే కొన్నిచోట్ల జనం జైలు తలుపులు తెరిపించారు. లోపలున్న తోటివాడు బయటికి రావడానికి వేసిన ఓటును నేను ద్రోహం అనలేను.

అసలు జారుడు ఆ తర్వాత మొదలైంది. అంతర్యుద్ధం మధ్యలో, అదే ఏడాది నవంబర్‌లో, ఫెడెరికా మాంట్‌సెనీ, గార్సియా ఒలివెర్ సహా నలుగురు అనార్కిస్టులు మంత్రులయ్యారు. 1937 మేలో బార్సెలోనా వీధుల్లో తమ కార్మికులే పోలీసులతో తలపడుతుంటే, ఆయుధాలు దించమని వీళ్ళిద్దరూ రేడియోలో విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన తొలితరం అనార్కిస్టు ప్రూధోఁ అనుభవమూ ఇలాంటిదే. 1848లో ఫ్రెంచ్ అసెంబ్లీకి ఎన్నికయ్యాక, సభ పనుల్లో మునిగి బయట జనం ఏమవుతున్నారో తనకు తెలియకుండా పోయిందని ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే నా దృష్టిలో గీత గీయాల్సింది బ్యాలెట్ పెట్టె దగ్గర కాదు, కుర్చీ దగ్గర.

అపోహ: లిబర్టేరియన్లకు ఈ గొడవ లేదు, వాళ్ళకు పార్టీయే ఉంది.

వాస్తవం: అమెరికాలో 1971లో లిబర్టేరియన్ పార్టీ పుట్టింది, దానితోపాటే గొడవా పుట్టింది. లిబర్టేరియన్ ఆలోచనాపరుల్లో ముర్రే రాత్‌బార్డ్ ఆత్మరక్షణగా ఓటు సరైనదే అన్నాడు. శామ్యూల్ కాంకిన్ పార్టీ పెట్టడమే తప్పన్నాడు. 1982 నుంచి, ఏదైనా బలవంతం లేకుండా స్వచ్ఛందంగానే జరగాలనే వాలంటరిస్టులు ఎన్నికలకు పూర్తిగా దూరంగా ఉండాలన్నారు. వాళ్ళ వాదన బలమైనది: నా ఓటుతో గెలిచినవాడు నా ఒక్కదాని మీదే కాదు, నా పొరుగువాడి మీద కూడా పెత్తనం చేస్తాడు. నన్ను కాపాడుకునే పేరుతో అతని మీదికి ఒక యజమానిని తెచ్చే హక్కు నాకెవరిచ్చారు?

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఒక చెడ్డ చట్టాన్ని రద్దు చేయాలా వద్దా అని రెఫరెండం పెడితే, రద్దుకు వేసిన ఓటు ఎవరినీ ఎవరి నెత్తినా కూర్చోబెట్టదు. అక్కడ నాకు సందేహం లేదు. మనుషుల్ని ఎన్నుకునే బ్యాలెట్ దగ్గర మాత్రం ఆ పొరుగువాడి ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను వెళ్ళి ఓటేస్తాను. ఆ ఒక్క కారణంతో ఓటేయనన్న విద్యార్థితో మాత్రం వాదనకు దిగను.