చిరు: చిన్ననాటి నెత్తురు వదలని జింక

మొన్న ఎనిమిదో తరగతి పాప ఒకతె అడిగింది. "సార్, క్విజ్ పుస్తకంలో టిబెట్ జింక పేరు చిరు అని ఉంది. అది చిన్నగా ఉంటుందనా ఆ పేరు?"

కాదమ్మా అన్నాను. మగ చిరు భుజం దగ్గర మూడడుగులకు కాస్త తక్కువ ఎత్తు, దాదాపు 40 కిలోల బరువు. తల మీద నిట్టనిలువుగా అరమీటరు దాటిన కొమ్ములు. చిరు అన్నది హిమాలయాల వైపు మాట, టిబెట్ వాళ్ళు త్సో అంటారు. మన చిరునవ్వు, చిరుజల్లులతో దానికి సంబంధం లేదు. శబ్దం కలిసింది కదా అని చుట్టరికం కలిపేయడం మనవాళ్ళకు మహా ఇష్టం. పాఠం చెప్పేవాళ్ళం ఆ పని అస్సలు చేయకూడదు.

కానీ ఆ ప్రశ్న నన్ను రాత్రంతా వదల్లేదు. ఎందుకంటే ఈ జంతువు ఒంట్లో ఒకటి నిజంగానే చిరుప్రాయంలో ఆగిపోయింది. దాని నెత్తురు.

ముందు జింక అనే మాట సంగతి. మనం దుప్పినీ జింకే అంటాం, కృష్ణజింకనూ జింకే అంటాం. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింకవి రాలవు. లోపల ఎముక, పైన మన గోళ్ళలాంటి పదార్థంతో తొడుగు. చిరు కొమ్ములూ అంతే. పక్కనుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకటిగా కలిసిపోతాయి, ఒంటికొమ్ము గుర్రం కథలకు ఇదీ ఒక మూలం అంటారు. అయితే జన్యువులు చూస్తే చిరు కృష్ణజింకకంటే గొర్రెలకూ మేకలకూ దగ్గర. ఈ మేక చుట్టరికం కాసేపట్లో మనకు పనికొస్తుంది.

చిరు ఉండే టిబెట్ చాంగ్‌తాంగ్ పీఠభూమిలో 5,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి సగం. లేహ్‌లో (3,500 మీటర్లు) విమానం దిగిన మనవాళ్ళకు మొదటిరోజే తల పగిలిపోతుంది. కొందరు కర్పూరం మూటగట్టి వాసన చూస్తుంటారు. కర్పూరం ముక్కుకు చల్లగా తగులుతుంది, ఆక్సిజన్ రవ్వంతైనా పెంచదు. ఆ నమ్మకంతో కిందికి దిగకుండా కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది. చిరు ఆ గాలిలోనే గంటకు దాదాపు 70 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది.

ఎలా? నెత్తురులో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను నాలుగు సీట్ల షేర్ ఆటో అనుకోండి. ఊపిరితిత్తులు ఆటో స్టాండు, కండరాలు దిగే చోటు, ఆక్సిజన్ అణువులే ప్రయాణికులు. ఖాళీ ఆటో ఎవరూ ఎక్కరు. ఒకరు కూర్చుంటే "ఇది త్వరగా కదులుతుంది" అని రెండోవారు ఎక్కుతారు, మూడో నాలుగో సీట్లు చకచకా నిండుతాయి. హిమోగ్లోబిన్‌లోనూ అంతే. మొదటి ఆక్సిజన్ అతుక్కోగానే అణువు ఆకారం మారి మిగతా సీట్లకు పట్టు పెరుగుతుంది. బస్టాండు దగ్గర జనం కిటకిటలాడుతుంటే డ్రైవరు పిలవకపోయినా ఆటో నిండుతుంది. సముద్రమట్టంలో మనది ఆ స్థితి. జనం పలచబడ్డ దారిలో మాత్రం చెయ్యిపట్టి ఎక్కించుకునే డ్రైవరుకే బేరం. చిరు హిమోగ్లోబిన్ ఆ రెండో రకం, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది.

మరి అంత గట్టిగా పట్టుకున్నవాడు దిగాల్సిన చోట దించుతాడా? పరుగెత్తే కండరంలో బొగ్గుపులుసు వాయువు, ఆమ్లం పెరుగుతాయి, వేడి పుడుతుంది. ఆ మూడూ హిమోగ్లోబిన్ పట్టు సడలిస్తాయి. అంటే ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే చెయ్యి వదులుతుంది.

ఇక అసలు విడ్డూరం. హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులుంటాయి. మేకల్లో బీటా గొలుసుకు వయసును బట్టి వేర్వేరు జన్యువులున్నాయి. కడుపులో ఉన్నప్పుడు బీటా-ఎఫ్, పుట్టిన తర్వాత కొన్నాళ్ళు బీటా-సి, పెద్దయ్యాక బీటా-ఎ. వీటిలో ఎఫ్, సి రెండూ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టేవి. పెద్ద మేకకు నెత్తురు బాగా పోతే ఒళ్ళు మళ్ళీ బీటా-సిని తీస్తుంది, ఆపదలో పాత పెట్టె తెరిచినట్టు. చిరులో ఏమైందంటే, డీఎన్‌ఏలో ఒక పెద్ద ముక్క ఊడిపోయి బీటా-ఎ జన్యువే పోయింది. 2020లో సిగ్నోర్, స్టార్జ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా చూపించారు. పెద్ద చిరు ఒంట్లో జీవితాంతం నడిచేది పిల్లల హిమోగ్లోబినే. మేక ఆపద్ధర్మంగా వాడుకునేది చిరుకు నిత్యజీవితం అయింది. కొత్తగా ఏదీ పుట్టలేదు, ఒకటి పోయింది. పరిణామం అంటే ఎప్పుడూ ఏదో చేరడమే అని మన పుస్తకాలు పిల్లలకు నేర్పుతున్నది నాకు కష్టంగా ఉంటుంది.

ఈ జంతువును చంపింది దాని ఉన్ని. ఆ ఉన్నినే షాతూష్ అంటారు. దాని పోగు మందం 9 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దానితో నేసింది ఉంగరంలోంచి దూరిపోయే శాలువా. ఒక్కో శాలువాకు మూడు నుంచి ఐదు చిరులు. పొదలకు చిక్కిన ఉన్ని ఏరి తెస్తామని వ్యాపారులు చెప్పేవారు. అంత ఎత్తున చిక్కడానికి పొదలెక్కడివి? కాల్చి, తోలు వలిచి తెచ్చేవారు. వేటగాళ్ళను అడ్డుకుంటూ 1994లో సోనమ్ దర్గ్యే అనే టిబెటన్ అధికారి ప్రాణం ఇచ్చాడు. కాపలా పెరిగాక మందలు కోలుకున్నాయి. మన లద్దాఖ్‌లో మాత్రం ఇప్పటికీ కొన్ని వందలే.

జూన్, జూలైలలో ఆడ చిరులు ఎన్నో వందల కిలోమీటర్లు నడిచి, చైనాలోని హోహ్‌సిల్ ప్రాంతంలో ఉన్న జువోనాయ్ సరస్సు ఒడ్డు లాంటి చోట్ల ఈనుతాయి. పుట్టిన పిల్లలో బీటా-ఎఫ్ తగ్గి బీటా-సి మొదలవుతుంది. మేకపిల్లకైతే అదీ కొన్నాళ్ళకు మారిపోతుంది. చిరు పిల్లకు మారదు, పక్కన నిలబడ్డ తల్లికీ మారలేదు.