పాత సోల్, ఫంక్ రికార్డులు: అట్ట మీది సంవత్సరాన్ని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి

సికింద్రాబాద్‌లో పాత రికార్డులు కొని, శుభ్రం చేసి, వినిపించి అమ్మే వృత్తిలో ఉన్నాను. అందులోనూ ఎక్కువ మందికి పేరు కూడా తెలియని సోల్, ఫంక్ (నల్లజాతి అమెరికన్లు పుట్టించిన బాణీలు), సైకెడెలిక్ (మైకం గొలిపే రాక్) సంగీతమంటే నాకు ప్రాణం. ఆ ఇష్టం కొద్దీ నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒకే మాట అంటారు: "ఇది ఒరిజినలే కదా సార్, అట్ట మీద 1969 అని ఉంది." అప్పటికే వారు డబ్బు చెల్లించేసి ఉంటారు. అందుకే ఈ ఒక్క విషయాన్నీ వివరంగా రాస్తున్నాను. మిగిలినవాటికి కొద్ది మాటలు చాలు.

అపోహ: అట్ట మీద ఏ సంవత్సరం ఉంటే రికార్డు ఆ సంవత్సరంలోనే తయారైనట్టు.

వాస్తవం: అట్ట మీదా లేబుల్ (ప్లేటు మధ్యలోని గుండ్రని కాగితం) మీదా వృత్తంలోని 'పి' అక్షరం పక్కన కనిపించే సంవత్సరం ఆ పాటలు మొదటిసారి విడుదలైన సంవత్సరమే గాని, మీ చేతిలోని ప్లేటు ఫ్యాక్టరీలో అచ్చయిన సంవత్సరం కాదు. పుస్తకం లోపలి పుటలో ప్రథమ ముద్రణ 1964 అని ఉన్నంత మాత్రాన మన చేతిలోని ప్రతి కూడా అప్పుడే అచ్చయిందని ఎవరూ అనుకోరు, ఎందుకంటే దాని కిందే పునర్ముద్రణల సంవత్సరాలు వరుసగా ఉంటాయి. రికార్డు అట్టల మీద ఆ రెండో వరుస చాలామట్టుకు ఉండదు, మోసానికి దారి దొరికేది అక్కడే.

ముందుగా చూడవలసింది డెడ్ వ్యాక్స్, అంటే చివరి పాట తాలూకు గాళ్ళు (సూది నడిచే సన్నని గాట్లు) అయిపోయాక లేబుల్ వరకూ నున్నగా ఉండే పట్టీ. పాటలను మొదట లక్కర్ పూసిన పళ్ళెం మీద చెక్కుతారు. దాని నుంచి లోహపు అచ్చులు తీస్తారు. చివరి అచ్చయిన స్టాంపర్ వినైల్ అనే ప్లాస్టిక్ వేడి ముద్దను నొక్కితే రికార్డు తయారవుతుంది. లక్కర్ చెక్కిన ఇంజినీరు ఆ పట్టీలో గీసిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ చెక్కుడును గుర్తించే నంబరు), కొన్నిసార్లు అతని పొడి అక్షరాలు, అచ్చు నుంచి అచ్చుకు దిగి మీ చేతిలోని ప్లేటు దాకా వస్తాయి. తర్వాతి కాలంలో కొత్తగా లక్కర్ చెక్కితే గుర్తులు మారతాయి. ఎవరో ఒక పాత రికార్డు నుంచే దొంగచాటుగా నకలు తీస్తే అసలు గుర్తులేవీ ఉండవు, లేదా వాటిని చూసి గీసిన వంకర గీతలు ఉంటాయి. రికార్డును కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పితే ఈ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. దూరం నుంచి కొనేవారు అమ్మకందారుణ్ణి ఆ భాగం ఫొటో అడిగి తీరాలి, అట్ట ఫొటో ఎంత అందంగా ఉన్నా సరే.

పాత అచ్చుతోనే కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ నొక్కిన ప్రతులు కూడా ఉంటాయి గనక మ్యాట్రిక్స్ నంబరు ఒక్కటే చాలదు, లేబుల్‌ను కూడా చదవాలి. అమెరికాలోని మెంఫిస్‌కు చెందిన స్టాక్స్ అనే రికార్డు కంపెనీ 1968 వరకూ అట్లాంటిక్ అనే మరో కంపెనీ ద్వారా పంపిణీ అయ్యేది, అప్పటి లేబుల్ లేత నీలం. ఆ ఒప్పందం తెగిపోయాక చిటికె వేసే చేతి బొమ్మతో పసుపు లేబుల్ వచ్చింది. కాబట్టి 1966 నాటి స్టాక్స్ ఆల్బమ్ మీద పసుపు లేబుల్ ఉంటే అది తర్వాతి ముద్రణ అని మరో ఆలోచన లేకుండా చెప్పవచ్చు. అట్లాంటిక్ లేబుల్ అంచున న్యూయార్క్ చిరునామా 1841 బ్రాడ్‌వే అని ఉంటే పాత కాలానిది, 75 రాకఫెల్లర్ ప్లాజా అని ఉంటే ఆ తర్వాతది. అమెరికాలో ధ్వనిముద్రణలకు ఫెడరల్ కాపీరైట్ రక్షణ 1972 ఫిబ్రవరి 15 నుంచి మొదలైంది గనక, 1968 నాటిదని చెప్పే అమెరికన్ ప్రతి మీద వృత్తంలో 'పి' కనిపిస్తే అనుమానించాలి. ఇతర దేశాలలో ఆ గుర్తును అంతకుముందే వాడారు కాబట్టి ఈ సూత్రాన్ని వాటికి వర్తింపజేయకండి. బార్‌కోడ్ సంగతి ఇంకా సులువు, అది రికార్డు అట్టల మీదకు వచ్చిందే 1970ల చివర్లో.

మియాపూర్‌లో ఉండే ఒక యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 1969 నాటి అమెరికన్ సోల్ ఎల్.పి. (పెద్ద ప్లేటు) ఒకటి తెచ్చాడు. దాదాపు ఒక నెల ఇంటద్దె దానికి పెట్టానన్నాడు. అట్ట వెనుక కింది మూలలో ఒక పాతబడిన ధర స్టిక్కర్ ఉంది, తెల్లది, అంచులు మాసినది. మిగతా అట్ట మీద ఒక్క మరక లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలించి మెల్లగా తీస్తే దాని కింద బార్‌కోడ్ బయటపడింది. ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేకపోయాడు, స్నేహితులకు తెలిస్తే నవ్వుతారేమోనని తర్వాత అన్నాడు. సిగ్గుపడవలసింది ఆ స్టిక్కర్ అంటించినవాడే గాని నువ్వు కాదు బాబూ అని చెప్పాను, ఈ స్థితిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అదే చెబుతాను. రికార్డు మాత్రం చక్కగా పలికింది, మేమిద్దరం రెండు వైపులా విన్నాం.

అపోహ: రీఇష్యూ అంటే నకిలీ.

వాస్తవం: అసలు హక్కుదారులతో ఒప్పందం చేసుకుని, దొరికినంతలో మంచి మూలం నుంచి తీసిన పునర్విడుదల గౌరవించదగినది. చరణ్‌జీత్ సింగ్ 1982లో బొంబాయిలో రోలండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలైన టీబీ-303, టీఆర్-808 యంత్రాల మీద పది రాగాలను డిస్కో నడకలో వాయించిన ఆల్బమ్‌ను అప్పట్లో పట్టించుకున్నవారే లేరు; 2010లో అది మళ్ళీ వెలువడ్డాకే, షికాగోలో పుట్టిన ఆసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి కొన్నేళ్ళ ముందే అలాంటి ధ్వని ఇక్కడ పుట్టిందని లోకం ఆశ్చర్యపోయింది, ఆయన యూరప్ వెళ్ళి వేదికల మీద వాయించాడు. రూపా బిశ్వాస్ కెనడాలోని కాల్గరీలో పాడిన 1982 నాటి డిస్కో జాజ్ కూడా 2019లో రీఇష్యూ కావడం వల్లే మామూలు శ్రోతకు అందింది. సంగీతం కోసం కొనేవారు నిశ్చింతగా రీఇష్యూ కొనుక్కోవచ్చు. రీఇష్యూను ఒరిజినల్ ధరకు అమ్మడమే నేరం.

అపోహ: పాతదీ అరుదైనదీ అయితే లక్షలు పలుకుతుంది.

వాస్తవం: ధర నిర్ణయించేది కోరుకునేవారే. ఫ్రాంక్ విల్సన్ 1965లో అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ అనుబంధ సంస్థ 'సోల్' కోసం పాడిన 'డూ ఐ లవ్ యూ' పాట 45 వేగంతో తిరిగే ప్లేట్లు దాదాపు అన్నీ ధ్వంసం కాగా కొద్ది ప్రతులే మిగిలాయి. వాటిలో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. మిగిలినవి తక్కువ కావడం అందుకు సగం కారణమే. ఉత్తర ఇంగ్లండ్ నృత్యశాలల్లో ఆ పాటకు తెల్లవార్లూ నర్తించిన ఒక తరం దాని మీద పెంచుకున్న మోజు మిగతా సగం. ఎవరూ అడగని రికార్డు ప్రపంచంలో ఒక్కటే మిగిలినా దానికి ధర రాదు.

లాలాగూడ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. రైల్వేలో పనిచేసి కాలం చేసిన తండ్రిగారి రికార్డుల పెట్టె ఇంట్లో ఉందట, ఎవరో లక్షలు వస్తాయని చెప్పారట, చెదలు పడతాయేమో, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని ఆవిడకు నిద్ర పట్టడం లేదు. వెళ్ళి చూస్తే అందులో ఎక్కువ భాగం జిమ్ రీవ్స్, క్లిఫ్ రిచర్డ్, వెంచర్స్. మన దేశంలో విరివిగా అమ్ముడుపోయినవి, ఈనాటికీ సులభంగా దొరికేవి. వాటి మధ్య 1975లో గ్రామఫోన్ కంపెనీ విడుదల చేసిన ఆనంద శంకర్ ఎల్.పి. ఒకటి ఉంది, స్ట్రీట్స్ ఆఫ్ కలకత్తా, డాన్సింగ్ డ్రమ్స్ ఉన్నది. సితారు పైన సాగుతుంటే కింద డ్రమ్స్ పట్టే ఆ ఫంక్ నడకను నేను ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ఒక్కదానికే మంచి ధర వస్తుందని, మిగతావాటికి లక్షలు రావని, తండ్రిగారికి ఇష్టమైన జిమ్ రీవ్స్ మాత్రం అమ్మవద్దని చెప్పాను. లక్షలు రావని తెలిశాక ఆవిడ ముఖంలో నిరాశ కంటే నిమ్మళమే ఎక్కువ కనిపించింది. ఊరికే నోటికొచ్చిన ధరలు చెప్పి ఇలాంటివారి మనశ్శాంతి పోగొట్టేవారంటే నాకు ఓపిక లేదు.

అపోహ: అంత మంచి సంగీతమైతే అందరికీ తెలిసి ఉండేది.

వాస్తవం: పేరు రావడానికి ముందు పంపిణీ జరగాలి. 1970, 1971లలో సిగరెట్ కంపెనీ నిర్వహించిన సిమ్లా బీట్ పోటీల నుంచి వెలువడిన రెండు ఎల్.పి.లలో మన దేశపు కుర్ర బృందాలు వాయించిన సైకెడెలిక్ రాక్ వినండి. 1970లలో జాంబియాలో విచ్, అమనాజ్ బృందాలు గరగరమనే ఫజ్ గిటారుతో చేసినది వినండి. అవి మరుగున పడటానికి కారణం నాణ్యత కాదు. తెలుగులో ఇలాంటివి లేవనేవారు ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీదో, జుమ్మేరాత్ బజార్‌లోనో దొరికే 1970ల సినిమా ఈ.పి.లు (చిన్న ప్లేట్లు) తిరగేసి, చక్రవర్తి, సత్యం కూర్చిన క్లబ్ పాటలనూ, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతునూ ఒకసారి శ్రద్ధగా వినాలని నా విన్నపం.

అపోహ: స్పిరిట్‌తో తుడిస్తే ఏ ప్లేటైనా శుభ్రపడుతుంది.

వాస్తవం: 78 వేగంతో తిరిగే పాత ప్లేట్లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ లక్కను కరిగించేస్తుంది, గాళ్ళు శాశ్వతంగా పోతాయి. వినైల్‌కైనా డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క డిష్ లిక్విడ్, మెత్తని బట్ట చాలు. చివరగా మళ్ళీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి. మన బోరు నీళ్ళు వాడితే ఆరాక గాళ్ళలో ఉప్పు మిగిలి చిటపటలాడుతుంది.

అపోహ: ప్లేటు 180 గ్రాముల బరువుంటే ధ్వని మెరుగు.

వాస్తవం: కాదు. లక్కర్ ఎలా చెక్కారన్నదీ, ఏ మూలం నుంచి తీశారన్నదీ ముఖ్యం.

అపోహ: పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చితే భద్రం.

వాస్తవం: బరువుకు అట్టడుగువి వంగిపోతాయి, అట్టల మీద గుండ్రని అచ్చు పడుతుంది. పుస్తకాల అరలోలాగే నిలువుగా, ఒరిగిపోకుండా నిలబెట్టండి. కొనుక్కున్న రికార్డులను మే నెల ఎండలో ఆపిన కారులో వదిలి భోజనానికి వెళ్ళకండి. తిరిగి వచ్చేసరికి వంగిన ప్లేటును సరిచేయమని చాలామంది నా దగ్గరకు తెస్తారు, అది మళ్ళీ మునుపటిలా కావడం చాలా అరుదు.