తాలు కాయను కంప్యూటర్ ఎలా ఏరాలి?

సంక్రాంతి దాటితే వరంగల్ చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడతాయి. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు పోయే ముందు ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చొని తాలు ఏరుతారు. తెల్లబారిన కాయ ఎర్రకాయ కింద సగం దాక్కున్నా చెయ్యి నేరుగా దాని మీదికే పోతుంది.

కంప్యూటర్ ఆ పని చెయ్యాలంటే ముందు ఏ కాయ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియాలి. దీన్నే సెగ్మెంటేషన్ అంటారు. మనిషి అంచులు గీసి నేర్పకుండా జరిగితే అన్‌సూపర్‌వైజ్డ్ సెగ్మెంటేషన్.

1979లో జపాన్ పరిశోధకుడు నొబుయుకి ఒత్సు ఒక దారి చూపారు. పిక్సెళ్ల (బొమ్మలోని చిన్న చిన్న చుక్కల) వెలుగును లెక్కగట్టి, ముదురు, లేత అని రెండు గుంపులుగా ఎక్కడ విడగొట్టాలో కంప్యూటరే తేల్చుకుంటుంది. తెల్లగుడ్డ మీద ఒక్క కాయ పెడితే ఈ పద్ధతి ఇవాళ్టికీ చక్కగా పనిచేస్తుంది. కుప్పలో మాత్రం ఎరుపు మీద ఎరుపు, మధ్యలో నీడలు. అక్కడ చేతులెత్తేస్తుంది.

1997లో జియాన్‌బో షీ, జితేంద్ర మాలిక్ నార్మలైజ్డ్ కట్స్ తెచ్చారు. ఒకదాన్నొకటి పోలిన పిక్సెళ్ల మధ్య గట్టి దారం, పోలనివాటి మధ్య పలచటి దారం ఉన్నాయనుకోండి. పలచగా ఉన్నచోట కోయాలి, అయితే చిన్న పీలిక ఊడిరాకుండా రెండు వైపులా తూకం చూడాలి. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఆలోచన ఇదే. లోటల్లా పోలికను రంగు, వెలుగు, గరుకుదనంతోనే కొలవాల్సి రావడం.

తర్వాత ఉదాహరణలు చూసి నేర్చుకునే డీప్ లెర్నింగ్ వచ్చింది, మనుషులు గీసిన అంచులు కావాలంది. సిటీస్కేప్స్ అనే వీధి ఫొటోల సేకరణలో ఒక్కో బొమ్మకు అంచులు గీయడానికి సగటున గంటన్నరకు పైగా పట్టింది. 2014 నాటి కోకో అనే మరో ఫొటోల సేకరణలోని 80 రకాల వస్తువుల్లో క్యారెట్, బ్రోకలీ ఉన్నాయి, మిరపకాయ లేదు. మన పంటలకు గీతలు గీసేదెవరన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

2021లో డైనో వచ్చింది. లేబుళ్లు (ఏది ఏమిటో మనిషి రాసిన పేర్లు) లేకుండా ఫొటోలు చూసి నేర్చుకున్న ఈ మోడల్ దృష్టి దానంతటదే వస్తువుల మీద నిలిచింది. మరుసటి ఏడాది టోకెన్‌కట్ అనే పద్ధతి ఆ మోడల్ చెప్పే పోలికల మీద పాత నార్మలైజ్డ్ కట్‌నే వేసింది. పాతికేళ్ల నాటి కత్తెరకు తగిన గుడ్డ దొరికింది.

అయినా అది బొమ్మలో కొట్టొచ్చినట్టు కనిపించే ఒక్క వస్తువునే పట్టేది. 2023 నాటి కట్లర్ అనే పద్ధతి ఒకదాన్ని కోసి, పక్కన పెట్టి, మళ్లీ కోస్తుంది, సాధారణంగా మూడుసార్లు. ఆ ముక్కలతో నేర్చుకున్న మోడల్ ఇంకొన్ని పట్టుకుంటుంది. కల్లంలో ఒక్క దోసిట్లోనే ముప్ఫై కాయలుంటాయి, ఒకదాని మీద ఒకటి పడి.